బెండు మునగని ఆదివారాలు

వరసగా పదకొండు ఆదివారాలు చెరువు నుంచి ఖాళీ సంచితో ఇంటికొచ్చాను. పన్నెండో ఆదివారం ఒక జెల్ల పడింది. జానెడు కూడా లేదు. చేప పడిన రోజు గురించి ఎవరైనా చెబుతారు. నాకు మాత్రం ఆ పదకొండు ఆదివారాల గురించే రాయాలని ఉంది. నలభై ఎనిమిదేళ్ల వయసులో నేను మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్న రోజులవి.

నా ఇల్లు వికారాబాదులో, ఉద్యోగం తాండూరులో. మధ్యలో నలభై కిలోమీటర్ల రైలు దారి. ఇరవై ఏళ్లుగా అదే కిటికీ, అవే చేలు. వికారాబాదు దగ్గర ఎర్రగా ఉండే నేల తాండూరు చేరేసరికి నల్లరేగడి అవుతుంది. కంది చేలు పలకరిస్తాయి. ఆ తర్వాత నాపరాయి గుట్టలు, బండలు కోసే మిల్లుల చుట్టూ పేరుకున్న తెల్లటి దుమ్ము. మధ్యమధ్య కుంటలు, చెరువులు. ఆ కట్టల మీద గాలం వేసుకుని కూర్చున్న మనుషులు. రైలు దాటిపోయే ఆ కాసేపట్లో వాళ్లలో ఒక్కరు కదిలినట్టు కూడా నేనెప్పుడూ చూడలేదు. ఆ కూర్చోవడం మీద నాకు మనసైంది. రోజంతా ఫోన్లు, ఫైళ్లు, వచ్చే పోయే జనం. వారంలో ఒక్క పూటైనా అలా నీళ్ల ముందు కూర్చోవాలనిపించింది.

నీళ్లకు మా ప్రాంతంలో కొదవ లేదని కాదు, కానీ మాది నదులు మొదలయ్యే చోటు. అనంతగిరి మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు జారిన నీరు మూసీ అయి, గండిపేట చెరువు నింపి, హైదరాబాదు దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమరకు జారిన నీరు వాగులు పట్టి కాగ్నాలో చేరుతుంది. కాగ్నా తాండూరును ఆనుకుని పారి, కర్ణాటకలో మళఖేడ్ కోట పక్క నుంచి వెళ్లి భీమాలో కలుస్తుంది. ఆ భీమా మళ్లీ కృష్ణలోకే. గుట్ట మీద విడిపోయిన రెండు చినుకులు అంత దూరం తిరిగి ఒకే నదిలో కలుసుకుంటాయన్న సంగతి నాకు చిన్నప్పుడు మా సాంఘికం సారు చెప్పారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కోట్‌పల్లి ప్రాజెక్టుకు హైదరాబాదు వాళ్లు చిన్న పడవలు నడపడానికి వస్తారు. సెలవు రోజుల్లో అక్కడ సందడి ఎక్కువ. నేను వెళ్లేది ధారూరు వైపు ఒక ఊరి చెరువుకు. దాని పేరు రాయను. ఆ కట్ట మీద ఇప్పుడున్న ప్రశాంతత అలాగే ఉండాలని నా ఆశ.

కొత్తగా గాలం పట్టేవాళ్లు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఊరి చెరువులో చేపలు ఎవరికి వారు పట్టుకునేవి కావు. మత్స్య సహకార సంఘం వాళ్లు ఏటా చేప పిల్లలను వదిలి, కాపలా కాసుకుని పెంచుకునే పంట అది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చేప పిల్లలను ఉచితంగా ఇస్తూ వచ్చినా, వాటిని కళ్లలో పెట్టుకుని చూసేది ఊళ్లోని ముదిరాజులు, గంగపుత్రులే. అందుకే మొదటి రోజు గాలం తీయకముందే సంఘం పెద్దను అడిగాను. డెబ్బై ఏళ్ల మనిషి. నేను కాకా అని పిలిచాను. ఆయన నా గాలం కర్ర వంక, నా బూట్ల వంక చూసి, ‘‘గాలంతోని పట్టుకో సారూ, మాకేం లేదు. పిల్లలు వడితె ఇడిసిపెట్టు’’ అన్నాడు. పిల్లలైనా పడతాయని ఆ రోజు నాకు గట్టి నమ్మకమే ఉండింది.

అది మార్చి నెల. చెరువు సగానికి తగ్గి ఉంది. హైదరాబాదులో మంచి దుకాణంలో కొన్న కర్ర, చక్రం, మెరిసే గాలాలు. మొదటి రెండు ఆదివారాలు తంగూసు చిక్కు తీసుకోవడంతోనే గడిచాయి. నైలాను తంగూసుకు ఒక గుణం ఉంది. చక్రం మీద ఎలా చుట్టుకుని ఉందో ఆ మెలిక దానికి గుర్తుంటుంది. విసిరిన ఊపుకన్నా చక్రం తిరిగే వేగం ఎక్కువైతే ఆ మెలికలన్నీ ఒక్కసారి బయటికొచ్చి పిచ్చుక గూడులా అల్లుకుంటాయి. దాన్ని విప్పుతూ కూర్చుంటే ఎండ నడినెత్తికొచ్చేది. మూడో ఆదివారం గాలం ఒడ్డున ఉన్న తుమ్మకొమ్మకు తగులుకుంది. నాలుగో వారం నీటి అడుగున మరేదానికో తగులుకుంది. లాగితే తెగింది. తెగిన చోటు చూస్తే దారం మధ్యలో తెగలేదు, నేను వేసిన ముడే ఊడింది.

విసుగు అంటే ఏమిటో అప్పుడు దగ్గరగా చూశాను. అది మొదట చేతుల్లోకి వస్తుంది. వేళ్లు గట్టిపడతాయి, ముడి పడదు. తర్వాత కళ్లలోకి వస్తుంది. నీళ్లు చూడటం మానేసి గడియారం చూస్తాం. చివరికి మాటలోకి వస్తుంది. ఈ చెరువులో అసలు చేపలే లేవు అంటాం. నేను ఆ మాట ఐదో ఆదివారం పైకే అన్నాను. నాకు ఇరవై అడుగుల దూరంలో ఒక పిల్లవాడు అప్పుడే ఇంకో పరిగెను పట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తున్నాడు.

ఆ పిల్లవాడికి పదేళ్లుంటాయి. వాడి చేతిలో సన్నటి వెదురు కట్టె. చక్రం లేదు. కట్టె పొడవుకు సరిపడా దారం. బెండు స్థానంలో పాత హవాయి చెప్పు నుంచి కోసిన రబ్బరు ముక్క, చింతగింజంత. గాలం ఎంత చిన్నదంటే దగ్గరికెళ్లి చూస్తే గానీ కనబడదు. ఎరగా గోధుమపిండి ముద్ద, మినపగింజంత. వాడు బెండు వైపు చూస్తూ నాతో మాట్లాడాడు, తల తిప్పలేదు. ‘‘మీ గాలం పెద్దగుంది అంకుల్. పరిగెల నోట్లె వట్టది. అవి పిండి కొరుక్కొని పోతయి’’ అన్నాడు.

నాకు ఆ క్షణంలో కలిగింది కోపం. వాడి మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. ఇంటికొచ్చాక చాలాసేపు దాని గురించి ఆలోచించాను. ఆఫీసులో నేను తెలిసినవాణ్ని. ఏ కాగితం ఎక్కడుందో, ఏ పని ఎవరితో అవుతుందో అడగడానికి నా బల్ల దగ్గరికే వస్తారు. ఇంట్లో నేను పెద్దవాణ్ని. ఇరవై ఏళ్లుగా నేను ఏ పనీ మొదటిసారి చేయలేదు. తెలియని చోట నిలబడటం ఎలా ఉంటుందో మరచిపోయాను. చెరువు కట్ట మీద నాకు వచ్చిన విసుగంతా చేపలు పడనందుకు వచ్చింది కాదని, తెలియనివాడిగా నలుగురి కంట పడుతున్నందుకు వచ్చిందని ఆ రాత్రి నాకు అర్థమైంది. ఆ పిల్లవాడికీ అన్ని రోజులూ చేపలు పడవు. పడని రోజు వాడు రాళ్లు ఏరుకుంటాడు, ఈత కొడతాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. వాడికి పోగొట్టుకోవడానికి ఏ పేరూ లేదు.

మరుసటి వారం చక్రం కర్ర ఇంట్లో పెట్టేసి, తాండూరు బజారులో మామూలు వెదురు కర్ర ఒకటి, సన్న తంగూసు ఒక రీలు, చిన్న గాలాలు కొన్నాను. గాలాలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది. అంతకుముందు నాకు అది తెలియక, పెద్ద నంబరంటే పెద్ద గాలమనుకున్నాను. ఒక నోటుబుక్కు కూడా సంచిలో వేసుకున్నాను. అందులో ఒకే నియమం పెట్టుకున్నాను. విసుగొచ్చినప్పుడల్లా దాన్ని ఒక ప్రశ్నగా మార్చి రాయాలి. చేపలు లేవు అని రాయకూడదు. పిండి ఎందుకు మాయమవుతోంది అని రాయాలి. ముడి ఎందుకు ఊడింది అని రాయాలి. ప్రశ్న రాశాక దాన్ని ఎవరినైనా అడగాలి, పిల్లవాడైనా సరే, కాకా అయినా సరే.

అడగడం మొదలుపెట్టాక చెరువు నాకు తెరుచుకుంది.

ముడి సంగతి కాకా చెప్పాడు. తంగూసును గాలం కన్నంలో దూర్చి, దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పి, కొసను గాలం దగ్గరి సందులోంచి తీయాలి. బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడపాలి. పొడిగా బిగిస్తే దారం దారాన్నే ఒరుసుకుని వేడెక్కి ఆ చోటే బలం పోతుంది. నేను వేసిన ముళ్లన్నీ పొడి ముళ్లే. నాలుగో వారం నన్ను ఏడిపించిన సంగతికి మందు నా నోట్లోనే ఉంది.

పిండి సంగతి పిల్లవాడు చెప్పాడు. ముద్ద కలిపేటప్పుడు చిటికెడు దూది పీచు కలిపితే నీళ్లలో తొందరగా విడిపోదు. ఎర్రలు కావాలంటే పశువుల కొట్టం వెనక పేడకుప్ప అంచున తవ్వాలి. ఎండిన నేలలో ఎంత తవ్వినా ఒక్కటి కూడా దొరకదు.

లోతు సంగతి అన్నిటికన్నా పెద్దది. ఏడో ఆదివారం కాకా నా పక్కన చతికిలబడి, ‘‘గీడ లోతెంత సారూ?’’ అన్నాడు. తెలియదన్నాను. ‘‘మరి గాలం ఏడ నిలవడ్డదో నీకెట్ల తెల్సు?’’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన నా గాలానికి ఒక సీసం గుండు తగిలించి నీళ్లలో వేశాడు. బెండు బుడుంగున మునిగిపోయింది. బెండును దారం మీద పైకి జరిపాడు. మళ్లీ వేశాడు, మళ్లీ మునిగింది. ఇంకొంచెం జరిపాడు. నాలుగోసారికి బెండు మొన మాత్రం నీళ్ల మీద నిలిచింది. గుండు అడుగును తాకిందన్నమాట. అప్పుడు గుండు తీసేసి, ఆ కొలతలోంచి బెత్తెడు తగ్గించి, ‘‘ఇగ ఎర్ర అడుగు మీద తేల్తది. ఏరుకొని తినేటోనికి అందుతది’’ అన్నాడు. అదే పద్ధతిలో ఆ రోజంతా నేను ఎర వేయకుండా లోతులు కొలిచాను. తూము దగ్గర నిలువెత్తు. రెండు బారలు ఇవతల నడుము లోతు. అక్కడ అడుగున మెత్తటి మట్టి, ఇక్కడ గులకరాయి. సీసం పైకి తీసినప్పుడు దానికి అంటుకున్న మట్టి రంగు కూడా రాసుకున్నాను. సాయంత్రానికి నోటుబుక్కులో చెరువు అడుగు బొమ్మ ఒకటి తయారైంది. చేప పడలేదు. ఆ రోజు నాకు విసుగు రాలేదు.

అడుగు తెలిస్తే చేప ఎక్కడుంటుందో తెలుస్తుంది. మన చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ, మ్రిగాల మూడూ ఒకే నీళ్లలో బతుకుతాయి గానీ ఒకే చోట తినవు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగంలో మేస్తుంది. రవ్వ నడిమి నీళ్లలో. మ్రిగాల అడుగున. ఒకదాని మేతకు ఒకటి అడ్డురాకుండా ఉంటాయనే ఆ మూడింటిని కలిపి పెంచుతారు. నేను అప్పటిదాకా బొచ్చె కోసమని ఎరను అడుగుకు వేస్తున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు. ఎనిమిదో ఆదివారం తెల్లవారుజామున చూసింది ఒక ఎత్తు.

మే నెల మొదలు. ఐదున్నరకు చెరువు చేరాను. గాలి లేదు. నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ల మీద ఎక్కడ చూసినా చేపల నోళ్లే. పదులు కాదు, వందలు. నీటి మట్టానికి నోరు పెట్టి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. పెదాల చప్పుడు వినిపిస్తోంది. అన్ని వారాలుగా కనబడని చేపలు ఇవాళ నోరు తెరుచుకుని నా ముందుకొచ్చాయనుకున్నాను. వణుకుతున్న చేతులతో పిండి ముద్ద గుచ్చి వాటి మధ్యలో వేశాను. ఒక్కటీ ముట్టలేదు. పిండి మార్చి ఎర్రను వేశాను. ముట్టలేదు. నోటికి అంగుళం దూరంలో ఎర తేలుతుంటే పక్కకు జరిగిపోయాయి. రెండు గంటలు అలాగే గడిచాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలం తీసి కట్ట మీద పడేశాను.

కాకా వచ్చి నీళ్ల వంక చూశాడు. ఆయన ముఖంలో ఆందోళన కనిపించింది. ‘‘గవి ఆకలికి రాలే సారూ. ఊపిరాడక మీదికొచ్చినయ్’’ అన్నాడు.

ఎండాకాలం నీళ్లు తగ్గి, వేడెక్కి, పాచి చిక్కబడుతుంది. పగలు ఎండలో ఆ పాచే నీళ్లకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అదీ చేపల్లాగే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నీళ్లలో అది అడుగంటిపోతుంది. అందుకే చేపలు పైకొచ్చి గాలికీ నీటికీ మధ్యనున్న పలుచటి పొరలో ఊపిరి వెతుక్కుంటాయి. ఊపిరి కోసం కొట్టుకుంటున్న ప్రాణికి నేను తిండి పెడుతున్నాను, తినలేదని ఏడుస్తున్నాను. కాకా, ఇంకో ఇద్దరు కలిసి మోటారు పెట్టి చెరువు నీళ్లనే ఎత్తి మళ్లీ చెరువులోకి చిమ్మించారు. నీళ్లు గాలిలో చెదిరి పడుతుంటే వాటితో పాటు ఊపిరి కూడా దిగుతుందట. ఆ రోజు నేనూ పైపు పట్టుకున్నాను. ఎనిమిది దాటాక ఎండ పడి, గాలి లేచి, ఒక్కొక్క నోరే నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం తర్వాత చెరువు ముందు నేను కూర్చునే తీరే మారింది. నాకు చేప పడటం, పడకపోవడం అనేది చేపకు సంబంధించిన విషయాల్లో చాలా చిన్నదని తెలిసింది. దానికి ఊపిరి కావాలి, చల్లదనం కావాలి, గుడ్లు పెట్టే చోటు కావాలి, కొంగ నుంచి దాక్కునే నీడ కావాలి. వాటన్నిటి మధ్య నా ఎర ఒకటి. నాకు అందలేదని నేను విసుక్కుంటున్నప్పుడు అది తన బతుకు తాను బతుకుతోంది. ఈ ఒక్క ఎరుకతో నా విసుగు సగం కరిగిపోయింది.

మిగిలిన సగానికి మందు ఒక పాత గ్రంథంలో దొరికింది. తాండూరు నుంచి సరిహద్దు దాటి ఉత్తరాన బీదర్ జిల్లాకు వెళితే బసవకల్యాణ్ వస్తుంది. ఒకప్పటి కల్యాణి, పశ్చిమ చాళుక్యుల రాజధాని. మా ప్రాంతమూ ఆ రాజ్యంలోదే. ఆరో విక్రమాదిత్యుడి కొడుకు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో అక్కడి నుంచి ఏలాడు. ఆయన సంస్కృతంలో రాసిన మానసోల్లాసం సుమారు 1130 నాటిది. ఐదు భాగాలు, భాగానికి ఇరవై చొప్పున నూరు అధ్యాయాలు. రాజ్యం ఎలా నిలుపుకోవాలన్న దగ్గర నుంచి వంటలు, సంగీతం, ఏనుగుల దాకా అందులో ఉన్నాయి. వినోదాల భాగంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయం ఉంది. అది గాలంతో చేపలు పట్టడం గురించి. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాని మీద ఒక వ్యాసం ప్రచురించి శాస్త్రలోకం దృష్టికి తెచ్చాడు. గాలం సరంజామా ఎలా ఉండాలో, చేపల్లో ఏయే రకాలున్నాయో, ఏ రకానికి ఏ మేత ఇష్టమో ఆ రాజు వరసగా చెప్పుకొచ్చాడు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలం గురించి రాసిన ప్రసిద్ధ పుస్తకం 1653లో వచ్చింది. మన సోమేశ్వరుడిది అంతకు ఐదు వందల ఏళ్ల ముందుది. మన పిల్లలకు వాల్టన్ పేరైనా ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. పక్కనే ఉన్న కల్యాణి రాజు పేరు వినబడదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఆ అధ్యాయం గురించి చదివినప్పుడు నన్ను పట్టుకుంది ఒకటే. సర్వాధికారం ఉన్న రాజు కూడా చేపను ఆజ్ఞాపించలేకపోయాడు. ఏది ఏం తింటుందో తెలుసుకోవాల్సి వచ్చింది. తెలుసుకున్నవాళ్లను అడగకుండా ఆ వివరాలన్నీ ఆయనకు అంతఃపురంలో దొరికి ఉండవు. ఆ కాలపు జాలరులెవరో ఆయనకు చెప్పి ఉంటారు. మా చెరువు కట్ట మీద కాకా నాకు చెప్పినట్టే.

తర్వాతి మూడు వారాలు బెండును చదవడంలో గడిచాయి. కాకా ఇచ్చిన నెమలి ఈక కాడతో బెండు చేసుకున్నాను. అనంతగిరి అడవిలో నెమళ్లు రాల్చిన ఈకలకు కరువు లేదు. ఈక కాడ తేలిక, నిటారుగా నిలుస్తుంది, నీళ్ల కింది చిన్న కదలికను కూడా పైకి చెబుతుంది. పరిగెలు ముట్టుకుంటే బెండు వణుకుతుంది, చలిజ్వరం వచ్చినట్టు. బంగారుతీగ అడుగున ఎరను నోట్లోకి తీసుకుని తల ఎత్తితే సీసం బరువు తేలికై, మునగాల్సిన బెండు పైకి లేచి నీళ్ల మీద పడుకుంటుంది. రవ్వ అయితే ఒకటి రెండు సార్లు తడుముతుంది, తర్వాత బెండు వాలుగా పక్కకు నడుస్తుంది. నేను అంతకుముందు బెండు కదిలితే చాలు గుంజేసేవాణ్ని. ఎర చేప పెదాల దగ్గర నుంచి ఊడి నా తల మీదుగా వెనక్కి ఎగిరేది. ‘‘గట్ల గుంజకు సారూ. అది తన్లాడనీ. తీస్కపోనీ. తీస్కపోతున్నప్పుడు మణికట్టు మటుకే లేపు’’ అనేవాడు కాకా. పదో ఆదివారం ఒకటి గాలానికి తగిలి, ఒడ్డుకు రెండడుగుల దూరంలో జారిపోయింది. దాని వెండి పక్క ఒక్కసారి మెరిసింది. ఆ మెరుపు చూశాక ఖాళీ సంచి బరువనిపించలేదు.

కూర్చునే తీరు కూడా నేర్చుకున్నాను. చేప ఒంటికి రెండు వైపులా, మొప్పల వెనక నుంచి తోక దాకా సన్నటి గీత ఉంటుంది. నీటి కదలికను అది ఆ గీతతోనే పసిగడుతుంది. కట్ట మీద బూట్ల అడుగులు దానికి ముందే తెలుస్తాయి. నేను బూట్లు విప్పి నడవడం మొదలుపెట్టాను. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుంటే నా నీడ నీళ్ల మీద పడుతుందని గమనించి పక్కకు జరిగాను. గాలి ఎటు వీస్తే ఆ ఒడ్డుకు మేత కొట్టుకొస్తుందని, గాలికి ఎదురుగా కూర్చోవాలని తెలిసింది. ముఖాన గాలి కొడుతుంటే విసరడం కష్టం. నేను అన్ని వారాలూ సుఖంగా ఉంటుందని గాలి వెనక నుంచి వచ్చే ఒడ్డునే కూర్చున్నాను.

పన్నెండో ఆదివారం మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, వారం ముందు. ఆకాశంలో మబ్బు. మధ్యాహ్నం మూడు దాటింది. నడుము లోతు దగ్గర, గులకరాయి మీద ఎర్ర. బెండు వణకలేదు. ఒక్కసారి మొన కిందికి దిగి, ఆగి, మళ్లీ దిగి, నల్లటి నీళ్లలోకి ఏటవాలుగా వెళ్లిపోయింది. నేను లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టి మణికట్టు లేపాను. కర్ర కొనలో ప్రాణం ఉన్న బరువు. ఆ బరువు ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాట దొరకలేదు. పైకి తీస్తే జెల్ల. బూడిద రంగు ఒళ్లు, మీసాలు, తడి నేల మీద కిర్రుకిర్రుమంటోంది. తీయబోతే రొమ్ముపక్కల ముల్లు బొటనవేలిలో దిగింది. మంట మోచేతి దాకా పాకింది. ఆ పిల్లవాడు పరుగున వచ్చి, ముళ్ల వెనక నుంచి రెండు వేళ్లతో ఎలా పట్టుకోవాలో చూపించాడు. గాలం విడిపించి, నీళ్లలో పట్టుకుని, అది కదిలే దాకా ఆగి వదిలేశాను. వాడు ఆశ్చర్యంగా చూశాడు. మూడు నెలలు నాకు పాఠం చెప్పిన చెరువు అది. మొదటి చేపను దానికే ఇవ్వాలనిపించింది.

మృగశిర కార్తె రోజున వికారాబాదు మార్కెట్లో చేపలు కొని అందరిలాగే కూర వండుకున్నాం. అది వేరే సంగతి.

మా ఆఫీసులో ఆ వేసవిలోనే ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఒకే తప్పు మూడుసార్లు చేసింది. మునుపైతే నేను గొంతు పెంచేవాణ్ని. ఈసారి ఆమె పక్కన కుర్చీ వేసుకుని, ఎక్కడ ఆగిపోతున్నావమ్మా అని అడిగాను. ఆమె చూపించిన చోటు నేను ఊహించింది కాదు. నేను నేర్పిన పద్ధతిలోనే ఒక మెట్టు తప్పిపోయి ఉంది.

వానలు పడ్డాయి. జులైలో చెరువు నిండి మత్తడి దుంకింది. అప్పుడు తూటికాడల మధ్య ఒక దృశ్యం చూశాను. నీళ్ల మీద ఎర్రటి మచ్చ ఒకటి, పళ్లెమంత, తనంతట తాను జరుగుతోంది. దగ్గరగా చూస్తే వందల కొరమీను పిల్లలు, కుంకుమ పూసినట్టున్నాయి, ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఒకసారి పైకొచ్చి గాలి పీల్చి మునుగుతున్నాయి. వాటి కింద నల్లటి నీడలా తల్లో తండ్రో. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను. గుడ్ల దగ్గర నుంచి పిల్లలు విడిపోయే దాకా కాపలా కాస్తుంది. ఆ ఎర్రటి గుంపు మధ్యలోకి గాలం వేస్తే అది పిల్లల మీదికొచ్చిన శత్రువనుకుని కాటు వేస్తుంది, ఆకలి ఉన్నా లేకున్నా. పట్టడం చాలా తేలిక. కొత్తవాళ్లకు మొదటి పెద్ద చేప తరచు ఇలాగే దొరుకుతుంది. కాపలా కాసే ఆ చేప పోతే పరిగెలు, జెల్లలు ఆ పిల్లలను ఊడ్చేస్తాయి.

మీలో ఎవరైనా గాలం పట్టాలనుకుంటే రండి. మా ప్రాంతంలో చెరువులకు తక్కువేమీ లేదు. ముందు సంఘం వాళ్లను అడగండి. తాండూరు పక్కన పాత నాపరాయి గుంతల్లో నీళ్లు నిలిచి అందంగా కనిపిస్తాయి, వాటి జోలికి మాత్రం పోకండి. అంచులు నిలువుగా తెగి ఉంటాయి, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎర్ర మచ్చ కనిపిస్తే గాలం తీసేయండి. ఇంకొక్క మాట. కిందటి నెల మా కట్ట మీద ఒక తెల్ల కొంగ ఎగరబోయి ఎగరలేకపోయింది. ఎవరో వదిలేసిన తంగూసు దాని కాలికి చుట్టుకుని తుమ్మకొమ్మకు బిగుసుకుంది. కాకా, నేను, ఆ పిల్లవాడు కలిసి కోసి విడిపించే సరికి గంట పట్టింది. కాలు మీద దారం దిగిన గాటు నల్లగా ఉంది. తంగూసు తెగుతుంది, అందరికీ తెగుతుంది. తెగిన ముక్కను చుట్ట చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోండి.